మచ్చల కుందేళ్లకు జత మార్చాను (నా అనుభవం)

హన్మకొండలో మా డాబా మీద కుందేళ్లు పెంచడం మొదలుపెట్టినప్పుడు నలుపు, తెలుపు మచ్చలవే నాకు బాగా నచ్చేవి. అందుకే మచ్చల మగదానికి మచ్చల ఆడదాన్నే కలిపాను. 31 రోజులకు 8 పిల్లలు పెట్టింది. 4 మచ్చలవి, 2 పూర్తి నల్లవి. మిగతా 2 దాదాపు తెల్లవే. చెవులకు, కళ్ల చుట్టూ, ముక్కు పక్కన మాత్రం కాస్త నలుపు.

పాలు మానాక ఆ రెండూ చిక్కిపోయాయి. కడుపు ఉబ్బేది. పెంటికలు ఒకరోజు మరీ పెద్దవి, ఇంకోరోజు మెత్తగా. ఎండుగడ్డి ఎక్కువ పెట్టినా ఒకటి బతకలేదు. దాని బోను దగ్గరికి వెళ్తే ఇప్పటికీ బాధేస్తుంది.

పశువుల డాక్టర్ చెప్పాక అర్థమైంది. మచ్చల జన్యువు ఒక్కటే వస్తే మామూలు మచ్చలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే ఒళ్లు తెల్లబడుతుంది, చాలావాటికి పెద్దపేగు సరిగా పనిచేయదు. రెండూ మచ్చలవైతే ప్రతి పిల్లకూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇప్పుడు మచ్చల మగదానికి పూర్తి నల్ల ఆడదాన్నే కలుపుతున్నాను. సుమారు సగం మచ్చలవి, సగం నల్లవి పుడుతున్నాయి. అలాంటి తెల్లవి ఒక్కటీ లేదు. ఎర్రకళ్ల తెల్లదాన్ని మాత్రం మచ్చలవాటితో కలపను. ఆ తెలుపు కింద మచ్చల జన్యువు దాగి ఉన్నా పైకి కనిపించదు.