కుర్చీ జరిపితే దొరికిన బేస్

విజయనగరంలో మా మేడ మీది గది పదడుగుల పొడవు. అందులోనే లాప్‌టాప్, రెండు చిన్న స్పీకర్లు. సిరిమానోత్సవంలో రికార్డ్ చేసుకున్న తప్పెటగుళ్ల మోతతో ఒక ఎలక్ట్రానిక్ ట్రాక్ కట్టాను. గదిలో బేస్, అంటే పాటలోని కింది స్థాయి మోత, వినపడదు. పెంచాను, ఇంకా పెంచాను. మా బావ కారులో పెడితే డోర్లు గజగజలాడాయి. "ఇది పాటా, బోరు వేసే లారీయా?" అన్నాడు.

రెండు వారాలు ప్లగిన్లను (లాప్‌టాప్‌లో ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్లను) తిట్టుకున్నాను. తప్పు నా కుర్చీది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. గది పొడవు 3.05 మీటర్లు, దాని రెట్టింపుతో ఆ వేగాన్ని భాగిస్తే 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 కంపనాలు. ఆ ధ్వని ఎదురెదురు గోడలకు తగిలి వెనక్కి వస్తూ గదిలో స్థిర తరంగంగా నిలుస్తుంది; అది గోడల దగ్గర హోరెత్తుతుంది, గది నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. నా బేస్ స్వరం 55 హెర్ట్జ్. నేను కూర్చున్నది నడిమధ్యనే!

నమ్మకం కుదరక 55 హెర్ట్జ్ సైన్ టోన్ (ఆ ఒక్క స్వరమే మోగే శబ్దం) పెట్టి గదిలో అటూ ఇటూ నడిచాను. నిజమే. (గోడలకు గుడ్ల అట్టలు అంటించమన్నారు కొందరు. ఇంత కింది ధ్వనిని అవి ఏమీ చేయలేవు.) కుర్చీని ముందు గోడకు నాలుగడుగుల దూరానికి జరిపాను. లోటు పూర్తిగా పోలేదు కానీ బేస్ వినపడింది. వెంటనే 6 డెసిబెల్స్ తగ్గించాను. తప్పెటగుళ్లలో 100 హెర్ట్జ్ కింది ధ్వనిని కోసేశాను. కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పడ్డప్పుడల్లా బేస్ కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టి, హెడ్‌ఫోన్లలో సరిచూసుకున్నాను.

మళ్లీ కారులో పెట్టాం. డోర్ల ఊసెత్తలేదు బావ. తప్పెటగుళ్లు ఇంకాస్త పెంచమన్నాడు.