ఏసీ, ఆర్‌ఓ సర్వీసు: ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ మీకే ఫోన్ చేయాలంటే

తిరుపతిలో ఏసీలు, ఆర్‌ఓలు రిపేరు చేసే షాపులకు కొదవ లేదు. ఒక నంబరు ఎత్తకపోతే ఇంకో నంబరు దొరుకుతుంది. అయినా కొన్ని షాపులకు పాత ఇళ్ల నుంచే ఏటా ఫోన్లు వస్తుంటాయి. వాళ్ల రేట్లు తక్కువేమీ కావు. మెషీన్ లోపల ఏం చేశారో ఇంటివాళ్లకు కనిపించదు. వాళ్లకు తెలిసేవి మూడే: చెప్పిన టైముకు వచ్చారా, చెప్పిన డబ్బే తీసుకున్నారా, అదే కంప్లైంటు మళ్లీ వచ్చిందా. సేవల నాణ్యతను కొలవడానికి 1988లో పరశురామన్, జెయ్‌తామల్, బెర్రీ ఒక పద్ధతి ప్రచురించారు. అందులోని ఐదు అంశాల్లో కస్టమర్లు అన్నిటికన్నా ముందు పెట్టింది కూడా ఇదే, మాట ఇచ్చిన పనిని ఇచ్చినట్టు చేయడం. కాబట్టి కష్టమంతా ఆ మూడింటి మీదే పెట్టాలి.

ఫోన్ దగ్గరే సగం పని

"లొకేషన్ పెట్టండి సార్, అబ్బాయిని పంపిస్తాం" అని పెట్టేస్తే ఆ అబ్బాయి సగం సామాను లేకుండా వెళ్లి, "రేపొస్తా" అని తిరిగొస్తాడు. ఆ రెండో ట్రిప్పే కస్టమర్‌ను పోగొడుతుంది. ఫోన్‌లోనే అడగండి: మెషీన్ ఏ కంపెనీది, ఎన్నేళ్లది, చివరిసారి ఏం మార్చారు. ఆర్‌ఓ అయితే వచ్చేవి మున్సిపాలిటీ నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరా. ఏసీ అయితే అవుట్‌డోర్ యూనిట్ మిద్దె మీదుందా, గోడకు బిగించారా. గోడకుంటే నిచ్చెనా, రెండో మనిషీ కావాలి.

టైము చెప్పేటప్పుడు "మధ్యాహ్నం పైన" అనొద్దు. "11 నుంచి 1 లోపల" అని రెండు గంటల గడువు ఇవ్వండి. ఆలస్యమయ్యేట్టుంటే గడువు దాటకముందే మీరే ఫోన్ చేయండి, వాళ్లు చేసేదాకా ఆగొద్దు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు అలిపిరి వైపు ఇళ్లకు మాట ఇవ్వకపోవడమే మేలు. గంగమ్మ జాతర మేలో వస్తుంది. ఏసీ సీజన్ మంచి ఊపు మీదుండే రోజుల్లోనే కుర్రాళ్లు సెలవడుగుతారు. ఆ వారం రోజూ తీసుకునే కాల్స్‌ను ముందే తగ్గించుకోండి. ఒప్పుకుని రాకపోవడం కంటే "వచ్చే సోమవారమే కుదురుతుందమ్మా" అని చెప్పిన షాపునే జనం గుర్తు పెట్టుకుంటారు.

ఆర్‌ఓ: రీడింగ్ రాయకుండా స్క్రూ విప్పొద్దు

ఇంట్లోకి అడుగు పెట్టగానే రెండు టీడీఎస్‌లు (నీటిలో కరిగిన లవణాల మోతాదు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) చూడాలి, వచ్చే నీటిదీ, శుద్ధయిన నీటిదీ. ఇంటివాళ్ల ముందే చూసి, మెషీన్ మీద అంటించే కార్డులో తేదీతో సహా రాయాలి. నీటిని వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, బాగుంటే బయటికి వచ్చే నీటి టీడీఎస్ లోపలికి వచ్చేదాంట్లో సుమారు పదో వంతు లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది. 900 లోపలికి వెళ్తే 90 దాకా రావడం మామూలే. 250 వస్తోందంటే వెంటనే మెంబ్రేన్ పోయిందనకండి. ముందు శుద్ధయిన నీటిలో కొంత మామూలు నీటిని కలిపే టీడీఎస్ కంట్రోలర్ వాల్వ్ పూర్తిగా మూసి, కొంచెంసేపు నీళ్లు వదిలి మళ్లీ చూడండి. ఎవరో ఆ వాల్వ్ తిప్పి వదిలేసినందుకు మంచి మెంబ్రేన్లు తీసి పారేస్తున్నారు. ఇంటివాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఆ సంగతి తెలుస్తుంది, ఆ తర్వాత వాళ్లు మళ్లీ పిలవరు.

నీళ్లు సన్నగా వస్తుంటే వెతకాల్సిన వరస: కొళాయి ధార, సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, పంపు ప్రెషర్, చివరికి మెంబ్రేన్. పంపు నడుస్తున్నప్పుడు గేజ్‌లో 60 నుంచి 80 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) రావాలి. 40 దాటకపోతే అడాప్టర్ 24 వోల్టులు ఇస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే పంపు మార్చండి. బోరు నీళ్ల ఇళ్లలో కాఠిన్యం వల్ల మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంటుంది. అక్కడ ఆ సున్నం పట్టకుండా ఆపే యాంటీ స్కేలెంట్ కార్ట్రిజ్ పెట్టకుండా కొత్త మెంబ్రేన్ మాత్రమే వేస్తే రెండు మూడేళ్లు రావాల్సింది ఏడాదికే మొరాయిస్తుంది. దీన్ని ముందే చెప్పాలి, పాడయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. కొత్త మెంబ్రేన్ వేశాక మొదటి ట్యాంకు నీళ్లు తాగకుండా పారబోయించండి. తీసిన ఫిల్టర్ సెడిమెంట్‌ది అయితే కోసి చూపించి, అక్కడే వదిలి రండి.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారమే. తిరుపతికి కల్యాణి డ్యామ్ నీళ్లూ తెలుగుగంగ నీళ్లూ వస్తాయి. ఆ కొళాయి నీళ్లే తాగే ఇంట్లో రీడింగ్ 200 చూపిస్తే, ఇతర పరీక్షల్లో తేడా ఏమీ లేకపోతే, "మీకు ఆర్‌ఓ అక్కర్లేదు సార్, క్రిముల్ని చంపే యూవీ ఫిల్టర్ ఉంటే చాలు" అని చెప్పేయండి. ఆ రోజు ఒక అమ్మకం పోతుంది, నిజమే. కానీ ఆ వీధిలో ఎవరి ఇంట్లో మెషీన్ ఆగినా ఆయన చెప్పేది మీ పేరే.

ఏసీ: గ్యాస్ "అయిపోదు"

ఈ వ్యాపారంలో కస్టమర్లను అన్నిటికన్నా ఎక్కువగా పోగొట్టేది ఏటా గ్యాస్ నింపడం. ఏసీలో గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతకకుండా నింపితే ఈ ఎండాకాలం గడుస్తుంది, వచ్చే ఎండాకాలం వాళ్లు వేరే షాపుకు వెళ్తారు.

అసలు గ్యాస్ మాట ఎత్తేముందు ఫిల్టర్, కాయిల్ శుభ్రం చేసి చూడాలి. కాయిల్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా ఐసు కడుతుంది. పావుగంట నడిచాక ఇండోర్ యూనిట్ లోపలికి లాగే గాలికీ, బయటికి ఊదే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే కూలింగ్ సరిగానే ఉన్నట్టు. లీకే అని తేలితే నైట్రోజన్ సుమారు 300 పీఎస్‌ఐ దాకా ఎక్కించి, గొట్టాలు కలిపే ఫ్లేర్ నట్ల మీదా కాయిల్ మూలల మీదా సబ్బు నురగ రాసి, కనీసం అరగంట గేజ్ పడిపోకుండా చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎప్పటికీ వాడొద్దు, కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. ఆర్-32 మండే గుణమున్న గ్యాస్, గొట్టాల్లో అది ఉండగా గొట్టాలు అతికే బ్రేజింగ్ మంట దగ్గరికి తేవద్దు. లీకు మూశాక 20 నుంచి 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టి గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి, యూనిట్ ప్లేటు మీద రాసిన బరువును తూకం వేసి గ్యాస్ ఎక్కించండి. వేసిన గ్రాములు బిల్లులో కనబడాలి.

ఏసీని నీళ్లతో కడిగే వాటర్ సర్వీసు తర్వాత వారం తిరగకముందే వచ్చే కంప్లైంటు మంచం మీద నీళ్లు కారడం. సర్వీసులో రాలిన మడ్డి డ్రెయిన్ పైపులో అడ్డం పడుతుంది. బయల్దేరేముందు ట్రేలో లీటరు నీళ్లు పోసి, అవి పైపు చివర బయటికి రావడం కళ్లారా చూడాలి. రెండు నిమిషాల పని ఇది, చేయకపోతే ఒక పూట పోతుంది.

లాడ్జీల లెక్క వేరు. ఇక్కడ చాలా లాడ్జీల్లో గది అద్దె 24 గంటల లెక్క, గదులు వేళాపాళా లేకుండా ఖాళీ అవుతాయి. రిసెప్షన్ దగ్గర ముందురోజే ఖాళీ అయ్యే గదుల చిట్టా తీసుకుని, గదికి ఇంత టైమని చెప్పి, ఆ టైముకు తాళం తిరిగిచ్చేయండి. వాళ్లకు కావాల్సింది గది మళ్లీ అద్దెకు పోవడం. మొత్తం సర్వీసు ఒకసారి ఫిబ్రవరిలో, ఒకసారి బ్రహ్మోత్సవాలకు నెల ముందు పెట్టుకోవాలి.

డబ్బు, గ్యారంటీ, రిటర్న్ కాల్

మెషీన్ విప్పకముందే విజిటింగ్ చార్జి, కూలి, పార్టు విడివిడిగా చెప్పండి. మధ్యలో ఇంకో పార్టు అవసరమైతే పని ఆపి అడగండి. అడగకుండా వేసి బిల్లు పెంచితే వాళ్లు కట్టేస్తారు, కానీ మళ్లీ పిలవరు.

30 రోజుల్లో అదే కంప్లైంటు వస్తే విజిటింగ్ చార్జి తీసుకోవద్దు, మరుసటి రోజు మొదటి కాల్ అదే కావాలి. పోయినసారి వెళ్లిన కుర్రాడిని కాకుండా సీనియర్‌ను పంపండి. గుమ్మంలో "మేం బాగానే చేశామే" అని వాదనకు దిగితే పని అక్కడే చెడుతుంది. "ఏమైందో చూపించండమ్మా" అంటే చాలు. అసలు కారణాన్ని రిజిస్టర్‌లో రాసిపెట్టండి: నాసిరకం పార్టా, పనిలో పొరపాటా, నీటి గుణమా, కరెంటు వోల్టేజీయా. నెలాఖరుకు చూస్తే ఒకే రకం పంపు మూడుసార్లు తిరిగొచ్చిందనో, ఒకే కుర్రాడి కాల్స్ వెనక్కొస్తున్నాయనో తెలుస్తుంది.

ఇంటివాళ్లు షాపు కంటే మనిషిని నమ్ముతారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, దేవుడి గది పక్కన బ్యాగు పెట్టకుండా, కింద గుడ్డ పరిచి పని చేసి, తుడిచి వెళ్లే అబ్బాయినే మళ్లీ అడుగుతారు. వీలైనంతవరకు ఆ ఇంటికి ఆయననే పంపండి. అయితే ఆ ఇంటి మెషీన్ చరిత్ర ఆయన ఒక్కడికే తెలిసి ఉంటే, ఆయన మానేసిన రోజు ఆ ఇల్లూ ఆయనతోనే పోతుంది. రీడింగులు, పార్టులు, తేదీలు షాపు పుస్తకంలో కూడా ఎక్కాలి. జీతంతోపాటు, తిరిగిరాని కాల్స్‌కు కొంత అదనంగా ఇస్తే కుర్రాళ్లు కూడా నిలుస్తారు.

ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) తీసుకున్నవాళ్లు మానేసేది ఎక్కువగా ఒకే కారణానికి: డబ్బు కట్టాక షాపువాళ్లు వాళ్లంతట రారు. ఆర్‌ఓకు మూడు నాలుగు నెలలకోసారి, ఏసీకి ఏడాదికి రెండుసార్లు, తేదీలు ఒప్పందం రోజే కార్డులో రాసి, వారం ముందు మీరే ఫోన్ చేయాలి. ఏడాదికోసారి పుస్తకం తిరగేసి, నిరుడు పిలిచి ఈ ఏడు పిలవనివాళ్లను వేరే కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మెషీన్ ఎలా నడుస్తోందండీ, మా పనిలో ఏమైనా తేడా వచ్చిందా" అని మాత్రమే అడగండి. ఆ ఫోన్‌లో ఏమీ అమ్మొద్దు.