పొగమంచు కాలానికి ముందు పాలిమర్ ఇన్సులేటర్ల తనిఖీ: పరికరాల ఎంపికలో జాగ్రత్తలు

వానలు వెనుదిరిగాక మార్గశిర, పుష్య మాసాల్లో కురిసే మంచు హైవోల్టేజి లైన్లకు గడ్డుకాలం. విశాఖ తీరాన సముద్రపు ఉప్పు, పల్నాడులో సిమెంటు ధూళి, లైను తీగను టవరుకు తగలకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్ల మీద పేరుకుంటాయి. జోరువాన ఆ మురికిని కడిగేస్తుంది. మంచు మాత్రం దానిని తడిపి వదిలేస్తుంది. ఆ తడిపొర మీదుగా లీకేజి కరెంటు పారి ఫ్లాషోవర్ (ఇన్సులేటర్ ఉపరితలం మీదుగా కరెంటు మెరుపులా దూకడం) జరుగుతుంది. నీటిని అంటనివ్వని సిలికాన్ రబ్బరు తొడుగు వల్ల పాలిమర్ ఇన్సులేటర్లు పింగాణీ డిస్కుల కన్నా ఈ కాలాన్ని బాగా తట్టుకుంటాయి గానీ, వాటి లోపల ఉన్న ఫైబర్‌గ్లాస్ కడ్డీ దెబ్బతింటే కింద నిలబడి చూసేవారికి ఏమీ తెలియదు. అందుచేత నవంబరులోగా తనిఖీ ముగించాలి. అంతకన్నా ముందే, వెతకబోయే లోపాన్ని బట్టి పరికరాన్ని నిర్ణయించుకోవాలి.

ముందుగా, ఇన్సులేషన్ రెసిస్టెన్సును కొలిచే మెగ్గర్ మీద నమ్మకం తగ్గించుకోవాలి. 400 కేవీ లైన్‌లో ఇన్సులేటర్ మీద పడే వోల్టేజి సుమారు 231 కేవీ కాగా, మెగ్గర్ ఇచ్చేది 5 లేదా 10 కేవీ. పైగా కడ్డీలో మూడో వంతు పాడైనా మిగిలిన భాగం రెసిస్టెన్సును గిగా ఓముల్లోనే నిలబెడుతుంది కనుక, మంచి రీడింగు వచ్చినంత మాత్రాన ఇన్సులేటర్ మంచిదని రాసుకోరాదు.

అసలు భయం కండక్టరు (కరెంటు పారే తీగ) వైపు చివర ఉంటుంది. అక్కడ సీలు విడి తేమ లోపలికి చేరితే, కరోనా (హైవోల్టేజి దగ్గర గాలిలో జరిగే విద్యుత్ డిశ్చార్జి) వల్ల పుట్టే నైట్రిక్ ఆమ్లం గాజు పోగులను తినివేస్తుంది. చివరకు కడ్డీ తన రేటెడ్ బలంలో కొద్దిపాటి లోడుకే పుటుక్కున విరిగి కండక్టరు నేలకు జారుతుంది. విరగక ముందే దీనిని పట్టుకోగలిగే అవకాశం, లోపం ఉన్న చోటి వేడిని చూపే థర్మల్ కెమెరాకు ఉంది కాబట్టి, నిధులు ఒకే పరికరానికి సరిపోతే నేను దానినే కొనమంటాను. అయితే లెన్సు విషయంలో రాజీ పడకూడదు. పిక్సెల్‌కు ఒక మిల్లీరేడియన్ కోణం చూపే లెన్సుతో 30 మీటర్ల దూరం నుంచి చూస్తే ఒక్కో పిక్సెల్ 3 సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. ఇన్సులేటర్ కాండం మందం దాదాపు అంతే ఉంటుంది గనుక వెనకనున్న చల్లని ఆకాశం రీడింగులో కలిసిపోయి, వేడెక్కిన చోటు మామూలుగానే కనిపిస్తుంది. టెలిఫోటో లెన్సు తప్పనిసరి. ఎండ వేడి కలవకుండా రాత్రి గానీ తెల్లవారుజామున గానీ చూడాలి. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు తొడుగు నీటిని పీల్చుకుని కూడా వేడెక్కవచ్చు గనుక, అనుమానం కలిగినదానిని పొడి వాతావరణంలో మరోసారి చూసిన తరువాతే తీర్పు చెప్పాలి.

డిశ్చార్జి నుంచి వెలువడే అతినీలలోహిత కాంతిని చూపే కరోనా కెమెరా కొనేటప్పుడు అది సూర్యకాంతి అడ్డురాని 240–280 నానోమీటర్ల పరిధిలో పనిచేసేదై ఉండాలి. జారిపోయిన లేదా తలకిందులుగా బిగించిన కరోనా రింగును (డిశ్చార్జి తగ్గించేందుకు చివర బిగించే లోహపు వలయాన్ని) అది చక్కగా చూపిస్తుంది. పైకి డిశ్చార్జి రాని లోపలి లోపాన్ని చూపించదు. దాని డిశ్చార్జి లెక్కింపు, కెమెరా సున్నితత్వాన్ని నిర్ణయించే గెయిన్‌ను బట్టి, దూరాన్ని బట్టి, గాలిలో తేమను బట్టి మారుతుంది గనుక ఆ మూడింటినీ రాసిపెట్టని ఫొటోలను పాతవాటితో పోల్చరాదు.

విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే ప్రోబును, కరెంటు ఉన్న లైను మీదే పనిచేసే శిక్షణ పొందిన హాట్‌లైన్ సిబ్బంది మాత్రమే, పొడి వాతావరణంలోనే వాడాలి. పింగాణీ డిస్కుల కోసం చేసిన ప్రోబు పనికిరాదు. ఇన్సులేటర్ రెండు కొసల దగ్గరి చిన్న లోపాలు దీనికి సరిగా చిక్కవు.

నీటిని అంటనివ్వని గుణం తగ్గిందో లేదో చూడడానికి మామూలు స్ప్రే సీసా చాలు, కానీ లైన్ క్లియర్ (కరెంటు ఆపిన లైను మీద పనికి అనుమతి) తీసుకుని, ఎర్తింగ్ చేసిన తరువాతే. సుమారు 25 సెంటీమీటర్ల దూరం నుంచి 20–30 సెకన్లు చల్లి, 10 సెకన్లలోగా చూసి, ఒకటి నుంచి ఏడు వరకు ఉన్న తరగతుల్లో ఒకటి నమోదు చేయాలి. సిలికాన్ కొంత కాలానికి ఆ గుణాన్ని తిరిగి తెచ్చుకుంటుంది కనుక చివరిసారి ఎప్పుడు తడిసిందో పక్కన రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. పరీక్ష కోసమని ఎవరూ పాలిమర్ ఇన్సులేటర్ మీద కాలు మోపి ఎక్కకూడదు.

అనుమానం తీరనిదానిని దించి, ఏ కొస కండక్టరు వైపుదో గుర్తు వేసి, హైదరాబాదులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్‌ఐ వంటి ప్రయోగశాలకు పంపాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62217 ప్రకారం కడ్డీ నుంచి కోసిన 30 మిల్లీమీటర్ల ముక్కలను 0.1 శాతం ఉప్పునీటిలో 100 గంటలు మరిగించి, 12 కేవీని ఒక నిమిషం పెట్టినప్పుడు కరెంటు ఒక మిల్లీఆంపియరు దాటకూడదు. ఆ ముక్కలను వజ్రపు పూత ఉన్న రంపపు బిళ్లతో, చల్లని నీటి ధార కింద కోయాలి.