షోలాపూర్ పోయిన తాత ఏ ఊరోడో కనుక్కోవడం ఎట్లా?

షోలాపూర్, భీవండి, బొంబాయిల నుంచి ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. "మాది ఓరుగల్లు దిక్కేనట టీచరమ్మా, ఊరు తెలువది" అంటారు. నేను రిటైరైన తెలుగు టీచర్ని, సాలోళ్ల (నేతపని చేసే పద్మశాలీల) ఆడబిడ్డను. మా చుట్టాల్లో సగంమంది షోలాపూర్‌లోనే ఉన్నారు. అందుకని ఈ పని నా నెత్తిన పడింది. వచ్చినవాళ్లలో చాలామంది ముందు తాసీల్ ఆఫీసుకు పోతామంటారు. అది ఆఖరున చేసే పని.

"మాది ఓరుగల్లు" అన్నంత మాత్రాన వరంగల్‌లో వెతకకండి. పరదేశంలో ఉన్నోడు తెలిసిన పెద్ద ఊరి పేరే చెప్తాడు. పైగా జిల్లాలు మారుతూ వచ్చాయి. కరీంనగర్ జిల్లా 1905 దాకా ఎలగందుల జిల్లా. ఖమ్మం 1953 దాకా వరంగల్‌లోనే ఉండేది. చేర్యాల 2016లో సిద్దిపేటకు పోయింది. కాబట్టి జిల్లా అడగకుండా, మీ ఇంట్లో పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీస్తారో అడగండి. ఐనవోలు మల్లన్న దగ్గరంటే వరంగల్ చుట్టుపక్కల వెతకొచ్చు. కొమురవెల్లి అంటే చేర్యాల, జనగామ దిక్కు చూడాలి. వేములవాడ రాజన్నకు కోడె కడతామంటే మాత్రం పెద్దగా తేలదు, ఆయన దగ్గరికి అందరూ పోతారు.

తర్వాత అడగాల్సింది ఆడవాళ్ల సంగతి. షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో నడిచింది. రైలు 1880ల్లో వరంగల్ దాకా వచ్చింది. మగ్గం మీద బతుకు సాగనోళ్లు అప్పటి నుంచి తరతరాలుగా పడమటికి పోతూనే ఉన్నారు. పోయినోళ్లు పిల్లను మాత్రం ఇక్కడి నుంచే చేసుకున్నారు, వాళ్ల అక్కచెల్లెండ్లు ఇక్కడే ఉండిపోయారు. కాబట్టి మీ తాత ఊరు తెలియకపోతే "మా నాయనమ్మ తల్లిగారిల్లు ఏది? మా తాత చెల్లెను ఏ ఊరికిచ్చిండ్రు?" అని అడగండి. ఆ చెల్లె మనవరాలు ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. మా చిన్నతాత సంగతి ఇట్లనే తేలింది. మగవాళ్లెవరికీ గుర్తులేని ఊరు పరకాల దగ్గరదని, ఇల్లు ఏ బాయి పక్కనుండేదో కూడా మా మేనత్త చెప్పింది. మగవాళ్లు వంశం గురించి గట్టిగా మాట్లాడతారు గానీ, పేర్లు, పెండ్లిళ్లు గుర్తుండేది ఆడవాళ్లకే.

ముసలోళ్లను సంవత్సరం అడిగితే నోటికొచ్చింది చెప్తారు. దానికి బదులు "రజాకార్లు వచ్చిన్నాటికి తాత ఇక్కడున్నడా, పోయిండా?" అనండి. అప్పుడు 1947–48కి అటో ఇటో తెలుస్తుంది. వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు 1934లో మొదలైంది. "మిల్లు పెట్టినంక పోయిండా?" అని అడిగితే ఇంకో గీత పడుతుంది. గత్తర (కలరా) వచ్చిన ఏడు, కరువు వచ్చిన ఏడు కూడా అడగండి, కానీ అవి ఒక్కసారే రాలేదు కాబట్టి వేరే గుర్తుతో కలిపి చూసుకోండి.

వీలైతే పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు రండి. అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు గోత్రం చెప్పి, మూడు తరాల పేర్లు చెప్తారు. మామూలు రోజుల్లో గుర్తురాని ముత్తాత పేరు ఆ రోజు బయటికి వస్తుంది. ఫోన్లో రికార్డు చేసుకోండి. కూనపులివాళ్లు దొరికితే ఇంకా మంచిది. పటం కట్టి మనకు మార్కండేయ పురాణం చెప్పేది వాళ్లే. ఊళ్లు పంచుకొని ఉంటారు కాబట్టి, ఏ ఊళ్లో ఏ ఇంటిపేరోళ్లున్నరో వాళ్లకు బాగా తెలుసు. ఊరికే అడిగి పంపకండి, వాళ్ల కట్నం వాళ్లకు ఇవ్వండి.

ఇక కాగితాలు. ముందు మీ ఇంట్లోవే తీయండి. మహారాష్ట్రలో కుల ధ్రువీకరణ కోసం వంశావళి రాసిచ్చి ఉంటారు, దానికి తాతల స్కూల్ రిజిస్టర్ నకళ్లు జోడించి ఉంటారు. ఆ ఫైలు ఇంట్లో ఏ బీరువాలోనో ఉంటుంది. అక్కడ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా రాస్తారు కాబట్టి ముత్తాత పేరు సులువుగా దొరుకుతుంది.

ఇక్కడి రెవెన్యూ రికార్డుల్లో అంత సుఖం లేదు. పాత సేత్వార్ (భూమి సర్వే నాటి మొదటి రికార్డు) ఉర్దూలో ఉంటుంది, "మల్లయ్య వల్ద్ నర్సయ్య" (నర్సయ్య కొడుకు మల్లయ్య) అని తండ్రి పేరుతో సరిపెడతారు, ఇంటిపేరు చాలాసార్లు ఉండనే ఉండదు. చదవడానికి ఉర్దూ తెలిసిన పెద్దమనిషిని తోలుకపోండి. ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) 1954–55 నాటిది, దాని మీద ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 1364 అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నకలు కోసం తాసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. నిజాం నాటి పాత కాగితాలైతే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

కానీ ఒక్క మాట. భూమి లేని సాలాయన పేరు పహాణీలో ఎట్లుంటది? మీవాళ్లకు సెంటు భూమి లేదని తెలిస్తే అక్కడ టైం వేస్ట్ చేయకండి. ఊరి పంచాయతీలో ఇంటిపన్ను పుస్తకం, చేనేత సహకార సంఘం సభ్యుల జాబితా, మార్కండేయ గుడిలో చందాలిచ్చినవాళ్ల పేర్లు చెక్కిన బండ చూడండి. షోలాపూర్ నుంచి పైసలు పంపినోళ్ల పేర్లు ఆ బండల మీద నేనే చూశాను.

పేరు కలిసింది కదాని సంబరపడకండి. మల్లయ్యలు, రాజయ్యలు, నర్సయ్యలు ప్రతి ఊళ్లో ఉన్నారు. తండ్రి పేరు, గోత్రం, ఇంట్లో ఒక కోడలి తల్లిగారి ఊరు, ఈ మూడూ కలిస్తేనే నేను ఒప్పుకుంటాను. ఇంటిపేరు ఒకటై గోత్రం వేరైతే వాళ్లు మీవాళ్లు కారు. పేరు రాసినప్పుడల్లా పక్కన ఎవరు చెప్పారో రాయండి. ఇద్దరు వేర్వేరుగా చెప్తే రెండూ ఉంచండి.

అన్నీ కుదిరి కూడా ఒక తరం దగ్గర ఇంటిపేరు తెగిపోతే ఇల్లరికమో, పెంపకమో అయ్యుంటుంది. మామ ఇంటిపేరు పెట్టుకున్నాడా అన్నది పదిమందిలో అడిగితే ఎవరూ నోరు విప్పరు, ఆస్తి కోసం వచ్చారనుకుంటారు. అందుకే ఆ ఇంట్లో పెద్ద కోడలిని పక్కకు పిలిచి అడగండి. చార్టులో అక్కడ గీతను చెరిపేయకుండా చుక్కల గీత వేసి, రెండు ఇంటిపేర్లూ రాయండి.