ఇంట్లో బీరు, 7వ పాఠం: తక్కువ ఆల్కహాల్‌తో నిండైన పేల్ ఏల్

పోయిన పాఠంలో 5 శాతం ఆల్కహాల్ ఉన్న మామూలు పేల్ ఏల్ (లేత రంగు బీరు) కాచాం. ఈసారి 2.6 శాతం దగ్గర ఆగే పేల్ ఏల్ కాస్తాం. హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు) వాసన మాత్రం అంతే గుప్పుమనాలి. గుక్క వేస్తే నీళ్ళు తాగినట్టు ఉండకూడదు, నోటికి నిండుగా తగలాలి. ఈ రెండూ ఒకే గ్లాసులో రావడమే కష్టం. 7 శాతం బీరు కాచడం దీనికంటే తేలిక అని నా అభిప్రాయం.

చాలామందికి మొదట తట్టే ఉపాయం పాత రెసిపీలో మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలను) సగానికి తగ్గించడం. అలా చేస్తే ఆల్కహాల్‌తో పాటు మాల్ట్ రుచీ, చిక్కదనమూ సగానికి పడిపోతాయి. హాప్స్ అలాగే ఉంచితే చేదు తగ్గదు, పైగా పెరుగుతుంది. వోర్ట్ (గింజల నుంచి తీసిన, ఇంకా పులియని తీపి నీరు) పలచగా ఉన్నకొద్దీ మరిగేటప్పుడు హాప్స్‌లోని చేదు అందులోకి ఎక్కువగా దిగుతుంది. అందరూ వాడే టిన్‌సెత్ లెక్క ప్రకారం 1.050 గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) ఉన్న వోర్ట్‌లో వేసినన్ని హాప్స్‌నే 1.030 వోర్ట్‌లో వేస్తే చేదు దాదాపు 20 శాతం ఎక్కువ వస్తుంది. పలచని ఒంటి మీద అంత చేదు పడితే మిగిలేది హాప్స్ కషాయమే.

కాబట్టి రెసిపీని చివరి నుంచి మొదలుపెడదాం. ఆల్కహాల్ లెక్క మీకు తెలుసు: మొదటి గ్రావిటీలోంచి చివరి గ్రావిటీ తీసేసి 131 తో హెచ్చించడం. 1.032 దగ్గర మొదలైన వోర్ట్ 1.006 దాకా దిగితే 3.4 శాతం, పొడిగా, పలచగా ఉంటుంది. అదే వోర్ట్ 1.012 దగ్గర ఆగితే 2.6 శాతం, ఈస్ట్ తినలేని పదార్థం అందులో దాదాపు ఒకటిన్నర రెట్లు మిగిలి ఉంటుంది. మనకు కావాల్సింది రెండోది. ఎక్కడ మొదలైందన్న దానికన్నా ఎక్కడ ఆగిందన్నదే ఈ బీరుకు ముఖ్యం. ఇక మీదట చేసే ప్రతి పనీ ఆ 1.012 ను సంపాదించడానికి, సంపాదించాక కాపాడుకోవడానికి.

గింజలు

ఫెర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) 20 లీటర్లు రావాలంటే, 70 శాతం దిగుబడితో (గింజల్లోంచి రాగల చక్కెరలో 70 శాతం వోర్ట్‌లోకి వస్తే), మొత్తం 3 కిలోలు చాలు. నా పంపకం ఇది: పేల్ మాల్ట్ కిలోన్నర పైన ఒక 100 గ్రాములు, లేత మ్యూనిక్ మాల్ట్ 600 గ్రాములు, ఓట్స్ అటుకులు 400 గ్రాములు, గోధుమ మాల్ట్ 200, మధ్య రంగు క్రిస్టల్ మాల్ట్ 200.

మాల్ట్ తక్కువ కాబట్టి వేసే ప్రతి గుప్పెడూ రుచి ఇవ్వాలి. అందుకే మ్యూనిక్ ఇంత. పేల్ మాల్ట్‌లో కూడా దొరికితే మారిస్ ఓటర్ లాంటి రుచి గల రకం తీసుకోండి. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్, గోధుమలోని ప్రోటీన్ బీరును నాలుక మీద మెత్తగా జారేలా చేస్తాయి, నురగ కూడా నిలుస్తుంది. బాడీ (నోటికి తగిలే నిండుదనం) కోసం క్రిస్టల్ మాల్ట్‌ను కుమ్మరించే అలవాటు ఒకటుంది. నాకది నచ్చదు. 10 శాతం దాటితే కారమెల్ తీపి మొహం మొత్తుతుంది, పైన హాప్స్ వాసన మసకబారుతుంది.

మ్యాష్: అసలు పని ఇక్కడే

మ్యాష్‌లో, అంటే గింజలను వేడి నీళ్ళలో నానబెట్టే దశలో, రెండు ఎంజైములు పిండి గొలుసులను తెగ్గొడతాయని 3వ పాఠంలో చూశాం. బీటా అమైలేజ్ గొలుసు చివర నుంచి రెండేసి కడియాలు తెంపుతూ మాల్టోజ్ చేస్తుంది. అది ఈస్ట్‌కు ఇష్టమైన తిండి. దానికి 60 నుంచి 65 డిగ్రీల వేడి సరిపడుతుంది, 70 దగ్గర నిమిషాల్లో చచ్చుబడిపోతుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసును మధ్యలో ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది, 70 దాటినా హాయిగా పనిచేస్తుంది. దాని కోతలో మిగిలే మధ్య సైజు ముక్కలే డెక్స్ట్రిన్‌లు. ఈస్ట్ వాటిని తినలేదు. వాటికి తీపి కూడా దాదాపు లేదు.

పోయినసారి 66 డిగ్రీల దగ్గర మ్యాష్ చేశాం. ఈసారి 70. సంచి పద్ధతిలో (గింజలను సంచిలో ఉంచి నానబెట్టడం) నీళ్ళన్నీ ఒకేసారి పోస్తాం, 27 లీటర్లు. గింజలు గది వేడిలో ఉంటే నీళ్ళు 72 కు రాగానే సంచి దించండి, కలిపేసరికి 70 దగ్గర కుదురుకుంటుంది. ఉండలు లేకుండా కలిపి, మూతపెట్టి, దుప్పటి చుట్టి 40 నిమిషాలు వదిలేయండి. 69 కంటే కిందికి జారితే కొంచెం మంట పెట్టండి. 75 దాటనివ్వకండి, ఆల్ఫా కూడా అలసిపోయి పిండి మిగిలిపోతుంది. అనుమానం ఉంటే చెంచాడు వోర్ట్ తెల్లటి పింగాణీ పళ్ళెంలో పోసి ఒక చుక్క అయోడిన్ వేయండి. నీలం నలుపు తిరిగితే ఇంకో పది నిమిషాలు ఆగాలి. పరీక్ష చేసిన ఆ చెంచాడు తిరిగి గిన్నెలో కలపొద్దు, పారబోయండి.

ఇక్కడ రెండు డిగ్రీల తేడా బీరును మార్చేస్తుంది, కాబట్టి మీ థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో ముందే చూసుకోండి. కరుగుతున్న ఐసు నీళ్ళలో 0, మరిగే నీళ్ళలో 100 చూపించాలి (బాగా ఎత్తైన చోట ఉంటే 100 కంటే కాస్త తక్కువ).

మ్యాష్ అయ్యాక సంచి ఎత్తి కారనివ్వండి, అంతే. గింజలు కడగడం ఈ బీరుకు వద్దు. గింజలు కొద్దిగా ఉన్నప్పుడు ఎక్కువ నీళ్ళతో కడిగితే పీహెచ్ పెరిగి పొట్టులోని టానిన్లు దిగుతాయి, నోరు వగరెక్కుతుంది. పాతకాలంలో ఘనమైన బీరు తీసుకున్నాక అవే గింజల్లో మళ్ళీ నీళ్ళు పోసి చిన్న బీరు కాచేవాళ్ళు. మనం కాచేది ఆ మిగులు బీరు కాదు.

నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో. ఆర్.ఓ. నీళ్ళతో మొదలుపెడితే 27 లీటర్లకు కాల్షియం క్లోరైడ్ 6 గ్రాములు, జిప్సం 3 గ్రాములు. క్లోరైడ్ నిండుదనాన్ని, సల్ఫేట్ చేదు పదునును పైకి తెస్తాయి. మామూలు పేల్ ఏల్‌కు సల్ఫేట్ వైపు మొగ్గుతాం, ఇక్కడ క్లోరైడ్ వైపు. నీళ్ళెక్కువ, గింజలు తక్కువ కాబట్టి మ్యాష్ పీహెచ్ 5.3 కు దానంతటది దిగకపోవచ్చు. లాక్టిక్ యాసిడ్ ఒక్కో మిల్లీలీటరే వేసి కలిపి కొలుస్తూ వెళ్ళండి.

కాచేటప్పుడు హాప్స్

మరగడం 60 నిమిషాలు. చేదు లక్ష్యం 25 ఐబియు (చేదు కొలత) దగ్గర, అంతకు మించొద్దు. పోయిన బీరులో 38 పెట్టాం, గుర్తుందిగా. మొదట్లో 12 శాతం ఆల్ఫా యాసిడ్ (చేదునిచ్చే పదార్థం) ఉన్న మ్యాగ్నమ్ రకం హాప్స్ 8 గ్రాములు వేస్తే 13 ఐబియు వస్తుంది. ఇది చూడ్డానికి చిటికెడే. తక్కువనిపించి ఇంకొంచెం వేయకండి.

మంట ఆర్పి వోర్ట్‌ను 78 డిగ్రీలకు చల్లార్చాక సిట్రా రకం హాప్స్ 40 గ్రాములు వేసి, సుడి తిరిగేలా కలిపి, 20 నిమిషాలు ఉంచండి. ఆ వేడిలో చేదు నెమ్మదిగానే దిగుతుంది, వాసన నూనెలు మాత్రం బాగా కలుస్తాయి. మిగతా చేదు ఇక్కడి నుంచే వస్తుంది. తర్వాత 18 డిగ్రీలకు చల్లార్చి ఫెర్మెంటర్‌లోకి.

శుభ్రత విషయంలో 2వ పాఠం మళ్ళీ ఒకసారి చదవండి. ఈ బీరులో ఆల్కహాల్ తక్కువ, తినడానికి మిగిలిన పదార్థం ఎక్కువ. పరాయి సూక్ష్మజీవులకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. డెక్స్ట్రిన్‌లను కూడా తినగల అడవి ఈస్ట్ ఒకటి చేరిందంటే మన 1.012 గాలికి పోయినట్టే.

ఈస్ట్

అన్ని ఈస్ట్‌లూ ఒకేలా తినవు. మాల్టోట్రయోజ్ అనే మూడు కడియాల చక్కెరను కొన్ని రకాలు ముట్టుకోవు. లాలెమాండ్ వాళ్ళ విండ్సర్ అలాంటిది, కాబట్టి మన పనికి సరిగ్గా సరిపోతుంది. 11 గ్రాముల ప్యాకెట్ ఒకటి 20 లీటర్లకు ధారాళంగా చాలు. యుఎస్-05 లాంటి శుభ్రంగా తినే అమెరికన్ రకం వేస్తే గ్రావిటీ ఇంకా కిందికి పోతుంది, 70 డిగ్రీల మ్యాష్‌తో కష్టపడి దాచినదాంట్లో కొంత చేజారుతుంది. 18 నుంచి 20 డిగ్రీల మధ్య పులియనివ్వండి. పలచని వోర్ట్ కదా, మూడు నాలుగు రోజుల్లోనే పొంగు తగ్గిపోతుంది. ఏమీ జరగలేదేమోనని టెన్షన్ పడకుండా హైడ్రోమీటర్ పెట్టి చూడండి.

డ్రై హాపింగ్, దానిలోని ఉచ్చు

గ్రావిటీ 1.012 దగ్గర రెండు రోజులు కదలకుండా ఉంటే డ్రై హాపింగ్‌కు, అంటే పులిసిన బీరులో నేరుగా హాప్స్ వేయడానికి, వేళైనట్టు. సిట్రా 40, క్యాస్కేడ్ 40, మొత్తం 80 గ్రాములు. అంటే లీటరుకు 4 గ్రాములు. ఘనమైన ఐపీఏల్లో (హాప్స్ ఎక్కువ వేసే ఏల్ రకం) ఇంతకు రెండింతలు వేస్తారని మీరు చూసి ఉంటారు. వాటికి మోసే ఒళ్ళుంది. ఇక్కడ 5 దాటితే పచ్చి గడ్డి వాసన, గొంతులో గరగర మొదలవుతాయి.

అంతకన్నా పెద్ద సమస్య ఇంకొకటి. హాప్స్‌లో కూడా పిండిని తెగ్గొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. మరిగించిన హాప్స్‌లో అవి చచ్చిపోతాయి, చల్లటి బీరులో వేసిన పచ్చి హాప్స్‌లో బతికే ఉంటాయి. అవి డెక్స్ట్రిన్‌లను మెల్లగా నరికి మళ్ళీ ఈస్ట్ తినే చక్కెరగా మారుస్తాయి. ఆగిపోయిందనుకున్న ఈస్ట్ మళ్ళీ లేస్తుంది. గ్రావిటీ దిగుతుంది, ఆల్కహాల్ పెరుగుతుంది, బాడీ కరిగిపోతుంది. హొరేస్ బ్రౌన్, హ్యారిస్ మోరిస్ అనే ఇద్దరు ఇంగ్లండ్ రసాయనవేత్తలు 1893లోనే దీని గురించి రాశారు. ఆ తర్వాత అందరూ దాదాపు మర్చిపోయారు. హాప్స్ కుప్పలుగా వేయడం మళ్ళీ మొదలయ్యాక హాప్ క్రీప్ అన్న పేరుతో అది తిరిగి చర్చకొచ్చింది. డెక్స్ట్రిన్‌లు పోగేసుకున్న మన బీరుకు దీని దెబ్బ మరీ ఎక్కువ.

విండ్సర్ వేశాం కదా, ఇంకేం తింటుందిలే అనుకోవద్దు. ఈ ఎంజైములు చేసేది గ్లూకోజ్, మాల్టోజ్. వాటిని విండ్సర్ కూడా వదలదు.

దీనికి విరుగుడు రెండు మాటలే: చల్లగా, కొద్దికాలం. ఫెర్మెంటర్‌ను 14 డిగ్రీలకు దించండి. ఈస్ట్ చాలావరకు అడుక్కి చేరాక హాప్స్ వేసి 48 గంటలు ఉంచండి. తర్వాత 3, 4 డిగ్రీలకు దించి ఒకటి రెండు రోజుల్లో హాప్స్ నుంచి బీరును వేరుచేయండి. వారం పాటు 20 డిగ్రీల్లో నాననిస్తే వాసనేమీ అదనంగా రాదు, నష్టం మాత్రం వస్తుంది.

ఈ దశలో ఉన్న బీరును నేరుగా సీసాల్లోకి ఎక్కించొద్దు. క్రీప్ సీసాలో కొనసాగితే గ్యాసు పెరిగి సీసా పేలవచ్చు. పావు లీటరు బీరును శుభ్రమైన సీసాలో తీసి, మూత వదులుగా పెట్టి, 22 డిగ్రీల చోట మూడు రోజులు ఉంచి గ్రావిటీ చూడండి. ఒక పాయింటు (0.001) దిగితే సరే. మూడు పాయింట్లు దిగితే మిగతా బీరును కూడా గది వేడికి తెచ్చి, గ్రావిటీ ఆగేదాకా ఆగాల్సిందే, బాడీ కొంత పోయినా సరే.

వచ్చే పాఠంలో సీసాల్లో వేసే చక్కెర, గ్యాసు లెక్క. దానికి మీ నోటుబుక్కులో నాలుగు అంకెలు ఉండాలి: మొదటి గ్రావిటీ, హాప్స్ వేసే ముందు గ్రావిటీ, పావు లీటరు పరీక్ష తర్వాతి గ్రావిటీ, ఫెర్మెంటర్ చేరిన అత్యధిక వేడి. ఈ నాలుగోది చాలామంది రాయరు. సీసాలో ఎంత చక్కెర వేయాలో తేల్చేది అదే.