స్పేర్ పార్ట్ కొనేముందు ఛాసిస్ నంబర్ చూపించండి

ఒంగోలు, కావలి ఎక్కడైనా సరే, బండి పేరు ఒక్కటే చెప్పి పార్ట్ తెచ్చుకోకండి. ఆర్‌సీలో ఉండే 17 అంకెలు, అక్షరాల ఛాసిస్ నంబర్ చూపించండి. అదే మోడల్‌లో కంపెనీలు ఏడాది మధ్యలో కూడా పార్టులు మార్చేస్తుంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 (బండి పొగ కాలుష్య నియమాలు) కోసం చాలా బైకుల్లో కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు, పేరు మాత్రం అదే!

పాత పార్ట్ నంబర్ ఆగిపోయిందని షాపువాళ్లు అంటే టెన్షన్ పడొద్దు, దాని బదులు ఏ కొత్త నంబర్ వచ్చిందో కంప్యూటర్‌లో చూడమనండి. దాంతోపాటు గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకవకుండా పెట్టే సీలు), బోల్టులు కూడా మారాయేమో తప్పకుండా అడగండి. చాలామంది ఇదే వదిలేస్తారు. కందుకూరులో బండి విప్పి పెట్టాక తెలిస్తే మళ్లీ ఒంగోలుకి పరుగెత్తాలి. పాత పార్ట్ వెంట తీసుకెళ్లి బోల్టు రంధ్రాలు, కనెక్టర్ పిన్నులు పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి.