గేమ్ మోడ్ కోసం నమ్మదగిన అంతరిక్ష ఫైటర్‌ను, దాని ఐకాన్‌ను తయారు చేయడం ఎలా?

మోడ్ అంటే ఆడేవాళ్లు ఒక గేమ్‌కు సొంతంగా చేసుకునే మార్పులు, చేర్పులు. అందులోకి అంతరిక్ష ఫైటర్, అంటే చిన్న యుద్ధ ఓడ, అనగానే చాలామంది ముందుగా రెక్కలు గీస్తారు. గాలి లేని చోట రెక్కకు పని లేదు. అది తీసేస్తే ఓడ బోసిపోతుందని భయపడకండి. భౌతికశాస్త్రం అంతకంటే మంచి రూపాన్నే ఇస్తుంది. చిన్న ఐకాన్‌లో ఓడను గుర్తుపట్టించేదీ ఆ రూపమే.

మొదట ఇంధనం లెక్క. రష్యన్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం చాలు. నిండు ఓడ బరువును ఖాళీ ఓడ బరువుతో భాగించండి. వచ్చిన సంఖ్యకు సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్‌లో ln) కట్టి, నాజిల్ (ఇంజిన్ వెనుక మూతి) నుంచి వెలువడే వాయువుల వేగంతో గుణించండి. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే ఇంజిన్‌లో ఆ వేగం సెకనుకు సుమారు 4.4 కిలోమీటర్లు. ఖాళీగా 10 టన్నులు, నిండుగా 20 టన్నులు ఉండే ఫైటర్ తన వేగాన్ని మొత్తం మీద సెకనుకు 3 కిలోమీటర్ల మేరకే మార్చుకోగలదు. బయలుదేరడం, అక్కడ ఆగడం, తిరుగుముఖం పట్టడం, ఇంటి దగ్గర ఆగడం అని నాలుగు వాటాలు వేస్తే ఒక్కోదానికి దక్కేది సెకనుకు 750 మీటర్లే. అందుకే పెద్ద ట్యాంకులు తప్పవు. వాటిని దాచకుండా కనిపించనివ్వండి.

తర్వాత థ్రస్టర్లు, అంటే ఓడను నెట్టే ఇంజిన్లు. ప్రధాన ఇంజిన్ తోపు ఓడ ద్రవ్యరాశి కేంద్రం గుండా పోవాలి, లేకపోతే ఓడ గిరగిరా తిరుగుతుంది. మలుపుల కోసం చిన్న థ్రస్టర్లను ఆ కేంద్రానికి వీలైనంత దూరంగా, ఎదురెదురు జంటలుగా పెట్టండి. అపోలో చంద్ర మాడ్యూల్‌కు నాలుగు మూలల్లో నాలుగేసి చొప్పున 16 ఉండేవి. తుపాకీకీ ఇదే సూత్రం: పేల్చినప్పుడు వచ్చే ఎదురుతోపు కూడా ఆ కేంద్రం గుండానే పోవాలి. 1975 జనవరిలో సోవియట్ సాల్యూత్-3 స్టేషన్‌లోని ఫిరంగిని పేల్చి చూశారు. అది స్టేషన్‌కు బిగించి ఉండటంతో గురి కోసం స్టేషన్ మొత్తాన్నీ తిప్పవలసిందే.

ఇక వేడి. చాలా మోడ్‌లు వదిలేసేది దీన్నే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి ఉండదు కనుక అది వికిరణంగానే బయటికి పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా ఆ వేడిని బయటి రేడియేటర్ పలకలకు చేరవేస్తుంది. పలక పరమ ఉష్ణోగ్రతను రెట్టింపు చేస్తే అది వెదజల్లే వేడి 16 రెట్లవుతుంది. కాబట్టి పలకలు చిన్నవిగా కావాలంటే వాటిని ఎర్రగా కాలేంత వేడిగా ఉంచాలి. రెండు పలకలు ఒకదాన్నొకటి చూస్తే ఒకదాని వేడి రెండోదానికి తగులుతుంది. రెంటినీ ఒకే తలంలో, ఓడకు చెరో పక్కన పెట్టండి. రెక్కలు కోరుకున్న కంటికి ఇక్కడ తృప్తి దొరుకుతుంది, కారణంతో సహా.

చివరగా ఐకాన్. అసలు గేమ్ ఐకాన్ ఫైళ్ల కొలత, ఫార్మాట్, పేర్ల పద్ధతి చూసి అచ్చంగా అలాగే పాటించండి. బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో ఓడను పైనుంచి, దృక్కోణ వక్రీకరణ (దూరంగా ఉన్నవి చిన్నగా కనిపించడం) లేకుండా రెండర్ చేసి, అంటే బొమ్మగా మార్చి, మొత్తం నల్లరంగు నింపి 32 పిక్సెళ్లకు కుదించండి. ఏ ఓడో తెలియకపోతే రంగులు వేసినా లాభం లేదు, ఆకారాన్నే మార్చాలి. తెలిస్తే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని కొత్తగా గీయండి, కుదించిన రెండర్‌నే వాడకండి. రేడియేటర్లను కాస్త పెద్దవి చేయండి, చిన్న థ్రస్టర్లను తీసేయండి. పారదర్శక నేపథ్యంతో సేవ్ చేశాక గేమ్‌లో నల్లటి ఆకాశం మీద, వెలుగుతున్న గ్రహం మీద పెట్టి చూడండి. అంచుల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే, పారదర్శక పిక్సెళ్లలో మిగిలిన తెలుపును ఓడ రంగుకు మార్చండి.